నర్సమ్మ చేతిలో మందు

పెనుకొండ అనగానే మనకి చరిత్ర గుర్తొస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమల రాయలు రాజధానిని అక్కడికి మార్చడం, గగన్ మహల్, బాబయ్య దర్గా, కొండ చుట్టూ కోటగోడలు. ఏ రాజు ఏ బురుజు కట్టించాడో రాళ్ళమీద రాసిపెట్టారు. ఏ గుడికి ఎన్ని గ్రామాలు ఇచ్చారో కూడా రాశారు. కాని ఆ కోటలోపల ఎంతమంది తల్లులు పురిటిలో కన్నుమూశారో, ఎవరు ఏ మందుతో ఎవరిని బతికించారో ఎవరూ చెక్కించలేదు. పురిటి గది చరిత్రకి శాసనాలు ఉండవు కదా!

ఆ చరిత్ర దొరికే చోటు ఇంకొకటి ఉంది. ఊళ్ళలో తిరిగే నర్సమ్మ భుజాన వేలాడే సంచి. ఆ సంచిలో ఏ మందు ఎప్పుడు చేరింది, ఆ మందుని డాక్టరు లేకుండా తన చేత్తో ఇచ్చే హక్కు ఆమెకి ఎప్పుడు వచ్చింది అని విచారిస్తే, అదొక పెద్ద కథ. రాజుల కథ కన్నా మన ఇళ్ళకి దగ్గర కథ.

మంత్రసాని నాటి మందులు

సంచీ లేని కాలంలోనూ మందు ఉండేది. కాన్పు మంత్రసాని చేసేది. ఆ తర్వాతి బాధ్యత ఇంట్లో పెద్దావిడది. సొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి కాయం దంచేది. బాలింతకి ఉదయాన్నే ఉసిరికాయంత ఉండ చేసి పెట్టేది. బిడ్డకి ఉగ్గుగిన్నెలో వస అరగదీసేది. మోతాదు, అనుపానం, పథ్యం అనే మూడు మాటలూ మన అమ్మమ్మలకి కొట్టిన పిండి. తేనెతో ఇవ్వాల్సిన మందు మజ్జిగతో ఇస్తే పనిచెయ్యదని వాళ్ళకి తెలుసు. నేటి ఫార్మకాలజీ అడిగే ప్రశ్నలు కూడా ఇవే. ఎంత ఇవ్వాలి, దేంతో ఇవ్వాలి, ఏది తినకూడదు?

కాని కాయం బాలింతకి వేడి పుట్టించగలదేమో గాని, ధారగా పోతున్న రక్తాన్ని ఆపలేదు. కాన్పు కాగానే గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అలా ముడుచుకోకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషైనా రెండు గంటల్లో ప్రాణం పోగొట్టుకోవచ్చు. ఆడదానికి కాన్పు పునర్జన్మ అన్న మాట ఊరికే పుట్టలేదు.

యూరపులో మంత్రసానులు దీనికొక మందు కనిపెట్టారు. రై అనే ధాన్యపు కంకికి పట్టే ఒక బూజును నూరి ఇచ్చేవారు. మన సజ్జ కంకికి వచ్చే తేనెబంక తెగులు ఉంది చూడండి, దానికి అది దగ్గర చుట్టమే. ఆ బూజులోంచి ఎర్గోమెట్రిన్ అనే అసలు పదార్థాన్ని 1935లో వేరుచేశారు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే మరో మందు మన శరీరంలోనే తయారవుతుంది. దాని పని 1906లో హెన్రీ డేల్ కంటపడింది. 1953లో డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే ఆక్సిటోసిన్. గ్రీకు భాషలో దానికి త్వరగా కాన్పు అని అర్థం.

మందులు వచ్చాయి. మరి ఇచ్చే చెయ్యి ఎవరిది?

డాక్టరుగారు చెబితేనే

అప్పుడు పెనుకొండ మద్రాసు రాజధానిలో ఉండేది. మొదట బళ్ళారి జిల్లా, 1882లో అనంతపురం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. మద్రాసులో 1844లోనే ప్రసూతి ఆస్పత్రి వెలిసింది. 1854లో మంత్రసానులకి శిక్షణ మొదలైంది, 1871లో నర్సుల శిక్షణ మొదలైంది. ఇటు గుంటూరులో 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచింది. 1926లో నర్సులకీ మంత్రసానులకీ మద్రాసు రాజధానిలో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది.

ఆ కాలపు నర్సు చదువులో మొదటి పాఠం విధేయత. పక్క సర్దడం, గాయం కడగడం, జ్వరం చూడడం, డాక్టరు రాసిన మందుని రాసిన వేళకి ఇవ్వడం ఆమె పని. ఆ మందు ఎందుకు, ఎలా పనిచేస్తుంది అని అడగడం ఆమె పని కాదు. నగరంలో ఇదేమీ ఇబ్బంది కాదు. పక్క గదిలోనే డాక్టరు ఉంటాడు. కాని మడకశిర పక్క పల్లెలోనో, రొద్దం దాటిన ఊళ్ళోనో అర్ధరాత్రి కాన్పు అయిందనుకోండి. అక్కడున్నది నర్సమ్మ ఒక్కతే. మందు ఇవ్వడానికి ఆమెకి హక్కు లేదు, హక్కున్న డాక్టరు ఊళ్ళో లేడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు ఉండేది వ్యవహారం. ఆ మధ్యలో నలిగిపోయింది మాత్రం బాలింత.

నల్లటి మాత్ర వెనక భీమవరం

సంచిలోకి అందరికంటే నిరపాయంగా చేరింది ఇనుము మాత్ర. ప్రతి చూలింతకీ నర్సమ్మ చేతిలో పెట్టే ఈ మాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాని కథ భలే ఉంటుంది, వినండి.

1928 చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే చూలింతలు రక్తం తగ్గి పాలిపోతున్నారు. ఇనుము ఇచ్చినా ఫలితం లేదు. వాళ్ళేం తింటున్నారని ఆవిడ వంటింట్లోకి తొంగి చూసింది. ఆఖరికి మార్మైట్ అనే చవకబారు ఈస్టు పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్న సుగుణం ఏమిటో ఆవిడకి దొరకలేదు. 1945లో అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో దాన్ని తయారు చేసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంటే బొంబాయి మిల్లు కూలీల నెత్తురులో మొదలైన ప్రశ్నకి తెలుగువాడు జవాబు చెప్పాడన్నమాట. 1970లో దేశమంతటా ఈ మాత్రలు పంచే పథకం మొదలైంది. ఇప్పుడు నాలుగో నెలనుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తున్నారు.

ఇంత చరిత్ర ఉన్న మాత్రని మనం ఏం చేస్తాం? విరేచనం నల్లగా అవుతోందని గూట్లో దాచేస్తాం. నలుపు ఇనుముది, భయం లేదు. పొద్దున్నే కాఫీతో మింగేస్తాం. కాఫీ, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్రా ఇదీ ఒకేసారి వేసుకుంటాం. ఆ రెండింటికీ పొసగదు, పూట తేడా ఉండాలి. నిమ్మకాయ పిండుకున్న అన్నం తిన్నాక వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఈ నాలుగు మాటలూ చెప్పగలిగిన నర్సమ్మకి ఫార్మకాలజీ వచ్చినట్టే. మాత్ర చేతిలో పెట్టి వెళ్ళిపోతే ఆమె పోస్టుమాను పని మాత్రమే చేసినట్టు. అనుపానం చెప్పని వైద్యుణ్ణి మన అమ్మమ్మలు కూడా నమ్మేవాళ్ళు కాదు!

ఎండకి ఓడిపోయిన సూది

రక్తస్రావం మాట మళ్ళీ ఎత్తుకుందాం. ఆక్సిటోసిన్ మంచి మందే గాని దానికి చల్లదనం కావాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. అనంతపురం సీమలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం రాతినేలమీద నడిచిన నర్సమ్మ దగ్గర ఆ సూదిమందు చూపుకి మందులానే ఉంటుంది, లోపల సత్తువ మాత్రం తగ్గిపోతుంది. పైగా సూది వెయ్యడానికి చేతి నేర్పు కావాలి.

మనకి పక్కనే, కర్ణాటకలోని బెళగావి జిల్లాలో, 2002 నుంచి 2005 దాకా ఒక పరిశోధన జరిగింది. కడుపులో పుండ్లకి వాడే మిసోప్రోస్టాల్ అనే మాత్ర ఉంది. దానికి చల్లదనం అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు. కాన్పు అయిన వెంటనే 600 మైక్రోగ్రాములు మింగిస్తే గర్భసంచి ముడుచుకుంటుంది. ఇది పల్లెల్లో పనిచేస్తుందా అని 1,620 మంది తల్లులతో చూశారు. సగం మందికి మందు, సగం మందికి మందులాంటి ఉత్త మాత్ర. ఇచ్చింది డాక్టర్లు కాదు, ఊరి నర్సమ్మలే! 2006లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఎక్కువ రక్తం పోయినవాళ్ళు నూటికి 12 నుంచి 6.4కి తగ్గారు. 18 మందికి మాత్ర ఇస్తే ఒకామెకి గండం తప్పిందన్నమాట.

ఆ లెక్కలో మరో విశేషం ఉంది. ఎంత రక్తం పోయిందో కంటితో చూసి చెబితే తప్పుతుందని తల్లి కింద గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచి పరిచి కొలిచారు. అలాంటి కొలత సంచిని ముందు పెట్టుకుని ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులమీద చేసిన పరిశోధన 2023లో వెలువడింది. రక్తం కొలిచి, వెంటనే మందులన్నీ కలిపి ఇస్తే తీవ్రమైన రక్తస్రావం నూటికి 60 వంతులు తగ్గిందట. మందు ఎంత గొప్పదైనా ఎప్పుడివ్వాలో చెప్పే కొలత కూడా కావాలి మరి.

ఇక్కడే మందు రెండో ముఖం కూడా చూడాలి. ఇదే మాత్ర కడుపులో ఇంకో బిడ్డ ఉండగా ఇస్తే గర్భసంచి చీలిపోవచ్చు. కవలలేమో అని నర్సమ్మ చేత్తో పొట్ట తడిమి చూసి గాని మాత్ర ఇవ్వకూడదు. తడిమి చూడడానికి అర నిమిషం పట్టదు. ప్రాణం పోసే మాత్రకీ తీసే మాత్రకీ తేడా ఆ అర నిమిషమే. నొప్పులు త్వరగా రావాలని తెలిసీ తెలియనివాళ్ళు ఇళ్ళలో వేసే ఆక్సిటోసిన్ సూది సంగతీ ఇంతే. పాలకోసం గేదెలకి వేస్తున్నారని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆ మందు తయారీని బెంగుళూరులోని ఒక్క ప్రభుత్వ కంపెనీకే పరిమితం చెయ్యబోయింది. అలా చేస్తే తల్లులకి మందు కరువవుతుందన్న వాదన బయల్దేరింది. ఆ ఉత్తర్వుని అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. దొంగ చేతికి దక్కకూడదు, తల్లికి దూరం కాకూడదు. ఈ తక్కెడ సరిచూడడం ప్రభుత్వాలకే కష్టమైంది.

గుర్రపు వాతానికి ఉప్పు

కాన్పులో రెండో గండం గుర్రపు వాతం. రక్తపోటు పెరిగి ఫిట్లు వస్తాయి. దయ్యం పట్టిందని వేపమండలు కట్టిన రోజులు మన పల్లెల్లో ఎంతో దూరాన లేవు. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేట్. అదేదో కొత్త వస్తువు కాదండీ, ఒకప్పుడు ఇళ్ళలో భేదికి వాడిన ఎప్సమ్ ఉప్పే. 33 దేశాల్లో 10 వేలమందికి పైగా తల్లులమీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఈ మందిస్తే ఫిట్లు వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది.

మరి ఇంత మంచి ఉప్పుని అందరి చేతికీ ఎందుకివ్వరు? చెరువుకి మరవ ఎందుకో మన సీమవాళ్ళకి వేరే చెప్పాలా! బుక్కపట్నం చెరువైనా ధర్మవరం చెరువైనా, వచ్చిన నీళ్ళకి తగ్గట్టు మరవ పారకపోతే కట్ట తెగుతుంది. ఈ మందుకి మరవ మూత్రపిండాలు. అవి సరిగా పనిచెయ్యకపోతే ఒంట్లో మందు పేరుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. అందుకే రెండో మోతాదుకి ముందు నర్సు మూడు చూడాలి. మూత్రం గంటకి 30 మిల్లీలీటర్లకి తగ్గకుండా వస్తోందా? నిమిషానికి ఊపిరి 16 సార్లకి తగ్గకుండా ఉందా? మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా? ఒక్కటి తేడా వచ్చినా సూది ఆపాలి. పక్కన విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉండాలి.

2005లో కేంద్ర ప్రభుత్వం కాన్పు చేసే నర్సులకి మార్గదర్శకాలు ఇచ్చి, 2010లో వాటిని సవరించింది. ఆక్సిటోసిన్ సూది, మిసోప్రోస్టాల్ మాత్ర, గుర్రపు వాతానికి మొదటి మోతాదు మెగ్నీషియం డాక్టరు కోసం కాచుకోకుండా ఇచ్చే వీలు అలా వచ్చింది. మొదటి మోతాదు ఇచ్చి, వెంటనే పెద్దాస్పత్రికి పంపాలి. పెనుకొండ నుంచి హిందూపురం సుమారు 40 కిలోమీటర్లు. అనంతపురం 70 పైచిలుకు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి వచ్చినా ఆ దారి గడవాలి కదా. ఆ దారి పొడుగునా తల్లి ప్రాణాన్ని పట్టి ఉంచేది ఆ మొదటి సూదే.

ఫలితం? 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. ఇదంతా మందుల పుణ్యమే అనను. రోడ్లు, బండ్లు, ఆస్పత్రి కాన్పులు, ఆడపిల్లల చదువు, అన్నీ కలిశాయి. కాని సంచిలోని ఆ నాలుగు మందులూ లేకపోతే మిగతావన్నీ ఉప్పులేని పప్పే.

హక్కు ఒక్కటే చాలదు

బయటి దేశాల్లో ఈ కథ ఇంకా ముందుకు నడిచింది. అమెరికాలో 1965లో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి కొలరాడోలో నర్స్ ప్రాక్టిషనర్ చదువు మొదలుపెట్టారు. రోగిని పరీక్షించి, రోగం తేల్చి, మందు రాసే నర్సు అన్నమాట. ఇంగ్లండులో 1992లో చట్టం చేసి, 1994లో కొన్నిచోట్ల నర్సులకి మందులు రాసే వీలు ఇచ్చి చూశారు. 2006 నుంచి తగిన శిక్షణ పొందిన నర్సులు దాదాపు అన్ని మందులూ రాస్తున్నారు.

మన దగ్గరా గాలి మారింది. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఆస్పత్రివారి తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫ్‌ల మార్గదర్శకాలు ప్రకటించింది. అదే ఏడాది ఉపకేంద్రాలని హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చి, నర్సింగ్ చదివినవాళ్ళని అక్కడ నియమించడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో బి.పి.కీ షుగరుకీ డాక్టరు రాసిన మందుల్ని నెలనెలా చూసి ఇస్తున్నది చాలాచోట్ల వీళ్ళే. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టానికి బదులు 2023లో కొత్త చట్టం వచ్చింది.

కొందరు పెద్దలు ముక్కు విరుస్తారు. నర్సుకి మందు రాసే అధికారం ఇస్తే ఎలా అని. వాళ్ళ భయం పూర్తిగా కొట్టిపారెయ్యవలసింది కాదు. మందు తెలియని చేతిలో మందు కత్తే. ఆ మాటకొస్తే ఊళ్ళో ఏ చదువూ లేకుండా జ్వరానికి స్టెరాయిడ్ సూదులు, జలుబుకి యాంటిబయాటిక్ మాత్రలు ఇచ్చేవాళ్ళని ఎవరూ అడగరేం? అడ్డుకోవలసింది అజ్ఞానాన్ని. నర్సు చదువులో ఫార్మకాలజీ పుస్తకం లావెక్కడం మనకి భారం కాదు, భరోసా. మందు ఒంట్లోకి ఎలా వెళ్తుంది, కాలేయం దాన్ని ఏం చేస్తుంది, ఎన్ని గంటలకి సగం తగ్గుతుంది, చనుబాలలోకి దిగుతుందా, ఇంకో మందుతో కలిస్తే ఏమవుతుంది? ఇవన్నీ తెలిసినామె మన వీధిలో ఉంటే మన పిల్లల అదృష్టం.

మన వంతు పని కూడా ఒకటుంది. నర్సమ్మ మందు ఇచ్చినప్పుడు ఊరికే చెయ్యి చాచకండి. ఇదేం మందమ్మా, ఎందుకు, ఎన్నాళ్ళు, దేంతో వేసుకోకూడదు అని అడగండి. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదమైనా సరే, చెప్పండి. అడిగితే ఆమె నొచ్చుకోదు. చదువుకున్నది చెప్పుకునే అవకాశం వచ్చిందని సంతోషిస్తుంది. నొచ్చుకుందంటే ఆమెకే ఆ సంగతి తెలియదని మీకు తెలిసిపోతుంది!

పెనుకొండ కొండమీద శాసనాలు చదవడానికి పండితులు వస్తారు. కిందున్న ఆస్పత్రిలో కాన్పుల రిజిస్టరు చదవడానికి ఎవరూ రారు. అందులో తేదీ, వేళ, ఇచ్చిన మందు, మోతాదు, ఇచ్చిన చేతి సంతకం వరసగా ఉంటాయి. చివరి గడిలో ఒక చిన్న మాట. తల్లీ బిడ్డా క్షేమం. ఏ రాజూ వేయించలేకపోయిన శాసనం అది.